అచ్చోసిన ఎలుకలు

కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. మా మేడం అంతటితో ఆగలేదు. పట్టిన ఎలుకకి వీపు మీద పసుపుపచ్చ మందు పూసి, అది ఆరేదాకా బోనులో ఉంచి, ఆడపిల్లని అత్తారింటికి పంపినంత మర్యాదగా మళ్ళీ వరిచేలోకే వదిలేశారు.

గట్టు మీద నిలబడ్డ రైతులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. చేను పొట్ట మీదుంది, వెన్ను తీయబోతోంది. ఆ అదనులో చేలో ఎలుక పడితే దుబ్బులు కత్తిరించి పడేస్తుంది, తిన్నది తక్కువ, పాడుచేసింది ఎక్కువ.

"ఏంటమ్మాయ్, పట్టినదాన్ని వదిలేస్తున్నావా?" అన్నాడు పెద్దరైతు. ఊళ్ళో ఎక్కువ పొలం ఆయనదే. అందుకని నలుగురి తరఫునా అడిగే హక్కు కూడా ఆయనే పుచ్చుకున్నాడు.

"మళ్ళీ పడుతుందో లేదో చూడటానికండి."

"పడితే?"

"లెక్క రాసుకుని మళ్ళీ వదులుతానండి."

పెద్దరైతు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "ఒరేయ్, అందరూ వినండి. ఇన్నాళ్ళూ అచ్చోసిన ఆంబోతుల్ని చూశాం. ఇవి అచ్చోసిన ఎలుకలు. గవర్నమెంటు వారు పసుపు పూసి మరీ దేవుడికి వదిలారు. మీ చేలో మేసినా నోరెత్తకండి, పాపం చుట్టుకుంటుంది!"

గట్టంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఇంత మంచి జోకు నా నోటికి ముందు రాలేదే అని కాస్త కుళ్ళుకుంటూ నవ్వాను. నవ్వనివాళ్ళు ఇద్దరే. ఒకరు మేడం, రంగు సీసా మూత బిగించుకుంటున్నారు. రెండోవాడు బుట్టలాయన.

ముందు నా సంగతి చెప్పాలి. నేను తెనాలిలో అద్దె జీపు నడిపేవాణ్ణి. చదువు తొమ్మిదో తరగతి మధ్యలో మానేశాను. ఆ వార్త విని నాకంటే మా లెక్కల మాస్టారు ఎక్కువ సంతోషించారు. ఎనభైల చివర్లో ఒక సార్వా పంట సీజనుకి, బాపట్లలో ఒక పరిశోధన ఆఫీసువాళ్ళు జీపుతో సహా నన్ను మాట్లాడుకున్నారు. పొద్దున్నే రేపల్లె వెళ్ళి మేడంని ఎక్కించుకోవాలి. ఆవిడది అక్కడే లూథరన్ కుటుంబం, నాన్నగారు టీచరు. చెరుకుపల్లి దాటాక ఒక ఊరి పొలాల్లో బోన్లు పెట్టారు, అవి చూపించాలి. సాయంత్రం కర్లపాలెం మీదుగా బాపట్ల చేర్చాలి. అక్కడ కంప్యూటర్ ఉంది.

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. పెట్రోలు బంకులో మీటరు సున్నా మీదుందని కళ్ళారా చూశాక కూడా వంగి మళ్ళీ చూసే రకం. అలాంటివాడికి ఎలుకల్ని పట్టి వదిలే ఉద్యోగం దొరికితే నిద్రపడుతుందా? ఇందులో ఏదో ఉంది, ఎవరో ఎవరినో మోసం చేస్తున్నారు, అది నేను కాకుండా చూసుకోవాలి అనుకుంటూ జీపు నడిపాను.

ఇక బుట్టలాయన. ఎలుకల బుట్టలు పెట్టడం ఆయన వృత్తి. వెదురు బుట్టలో నాలుగు వడ్లగింజలు వేసి, విల్లులా వంచిన బద్దకి ఉచ్చు కట్టి, పొద్దు వాలుతుంటే చేలో పెడతాడు. ఎలుక మూతి పెట్టిందా, బద్ద చటుక్కున లేచి నిటారుగా నిలబడుతుంది, ఎలుక పని సరి. తెల్లవారి గట్టు మీదనుంచి చూస్తే ఎన్ని బద్దలు లేచి ఉంటే ఆయన మీసం అంత లేస్తుంది. కోతలయ్యాక రైతులు ధాన్యం కొలిచి ఇస్తారు. కాలవ కట్ట మీద పెద్దరైతు జాగాలో పాక వేసుకుని భార్యతో ఉంటున్నాడు. నేను ఆయన్ని మావా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడూ అనేవాడు. చుట్టరికం ఎక్కణ్ణుంచి వచ్చిందని ఇద్దరమూ అడగలేదు.

ఆ ఏడు చెరుకుపల్లిలో పురుగుమందుల కొట్టాయన ఎలుకలమందు బిళ్ళలు తెచ్చి రైతులకి రుచి చూపించాడు. అంటే, ఎలుకలకి. సగం ఊరు అటు మొగ్గింది. మిగతా సగం తేల్చుకోలేకపోయింది. అప్పుడు పెద్దరైతు తీర్పు చెప్పాడు. "బాపట్లలో లెక్కలు కట్టే కంప్యూటరు మిషను ఉందిగా. బుట్టలు పెట్టాక కూడా చేలో ఎలుకలు బోలెడు మిగిలాయని లెక్క వస్తే, బుట్టలాయన పాక పీక్కుని వెళ్ళిపోవాలి. తక్కువ మిగిలాయంటే ఎప్పట్లా ఉండొచ్చు."

మేడం చేసేది పరిశోధన. ఊరు దాన్ని కోర్టు చేసేసింది.

"అల్లుడూ," అన్నాడు బుట్టలాయన జీపు టైరుకి ఆనుకుని, "ఆ మిషనుకి నేనెవరో తెలుసా?"

"తెలీదు మావా."

"నా బుట్టలు చూసిందా?"

"లేదు."

"మరి నా తలరాత దాని చేతికెందుకిచ్చార్రా?"

 నాకు జవాబు తెలీనప్పుడు జోకు వేస్తాను. ఆ రోజు అదీ రాలేదు.

బాపట్ల దారిలో మేడంనే అడిగేశాను. "కనపడని ఎలుకల్ని ఎలా లెక్కపెడతారండి?"

"మీ ఇంట్లో బియ్యం బస్తా ఉందా అన్నయ్య గారూ? అందులో గింజలెన్నో చెప్పండి."

"నాకేమన్నా పిచ్చా?"

"లెక్కపెట్టక్కర్లేదు. ఒక గుప్పెడు గింజలు తీసి, రంగు పూసి, బస్తాలో వేసి బాగా కలపండి. మళ్ళీ ఒక గుప్పెడు తీయండి. అందులో రంగు గింజలు చాలా కనపడ్డాయంటే బస్తా చిన్నది. ఎంత వెతికినా ఒకటో అరో దొరికిందంటే బస్తా చాలా పెద్దది. ఎలుకలూ అంతే."

నేను కర్లపాలెం వచ్చేదాకా ఆలోచించాను. ఎక్కడా మోసం కనపడలేదు. మోసం కనపడకపోవడమే నాకు మరీ అనుమానం. "మధ్యలో కోడి వచ్చి రంగు గింజలే ఏరుకు తింటేనో?"

మేడం నవ్వారు. "అప్పుడు లెక్క తప్పుతుంది. కోడి రాదనుకునే లెక్క మొదలెడతాం."

కంప్యూటర్ గది ముందు చెప్పులు విప్పాలి. లోపల చల్లగా, గర్భగుడిలాగే సగం చీకటిగా ఉండేది. చెప్పులు విప్పి వెళ్ళే చోట ఎదురు ప్రశ్నలు పనికిరావని నాకు చిన్నప్పుడే నేర్పారు. అందుకని గుమ్మం దగ్గరే నిలబడి చూశాను. రెండోసారి బోన్లలో పడ్డ ఎలుకల లెక్క మేడం టకటకా కొట్టారు. పక్కనున్న ప్రింటరు కీచుమని అరుస్తూ అంచుల్లో చిల్లులున్న కాగితం కక్కింది. మేడం ఆ కాగితం చూసి మళ్ళీ కొట్టారు. అది మళ్ళీ అదే కక్కింది.

"ఏంటండీ?"

"ఈ లెక్క ప్రకారం దుబ్బుకొక ఎలుక ఉండాలి."

ఆ మాట ఊరికి మాకంటే ముందే చేరింది. ఎలా చేరిందో ఇప్పటికీ నాకు తెలీదు, ఊరు మాత్రం నన్నే అనుమానించింది. ఆ పైన అనుమానాలకి ఒక వావీ వరసా లేకుండా పోయింది. బుట్టలాయన రాత్రిపూట పక్క ఊరి ఎలుకల్ని తెచ్చి ఇక్కడ వదులుతున్నాడని రైతులన్నారు, లేకపోతే పని ఎక్కడుంటుంది పాపం అని. కొట్టాయన బాపట్ల వెళ్ళి మిషనుకి ఏదో ముట్టచెప్పాడని బుట్టలాయన భార్య అంది. మిషను ఏం పుచ్చుకుంటుందమ్మా అంటే, "కరెంటు తాగేది ఏదైనా పుచ్చుకుంటుంది" అంది. బుట్టలాయన అనుమానం నా మీదే పడింది.

"బోన్లు మోసుకొచ్చేది నువ్వే కదా అల్లుడూ. దారిలో తలుపులు సరిగ్గానే ఉంటున్నాయా?"

"ఏం మావా, ఎలుకలకి లిఫ్టు ఇచ్చి అడిగిన చోటల్లా దింపుతున్నానంటావా?"

"నేనన్నానా? నువ్వే భుజాలు తడుముకుంటున్నావు."

ఆయన అలా అన్నాడని నాకు ఒళ్ళు మండింది గానీ, నిజం చెప్పాలంటే నేను మాత్రం? ఆయన గోతాలు మోసుకుంటూ గట్టు దిగితే లోపల ఏమైనా కదులుతోందా అని చూసేవాణ్ణి. పెద్దరైతు కొట్టాయనతో టీ తాగితే ఎవరు డబ్బులిచ్చారో చూసేవాణ్ణి. మేడంని కూడా వదల్లేదు. చదువుకున్నవాళ్ళు తప్పు లెక్క చేసి, దాన్ని ఒప్పుకోలేక ఎవరో ఒకరి పాక పీకించడం కొత్తేం కాదు కదా.

పెద్దరైతు ఆదివారం దాకా గడువిచ్చాడు. బుట్టలాయన పాక మీద తాటాకులు అప్పుడే సర్దడం మొదలెట్టాడు, విప్పడానికో గట్టిగా కట్టడానికో తెలీకుండా.

మేడం మాత్రం ఒక వింత పని చేశారు. ఎవరినీ అనుమానించలేదు. జీపు బోనెట్ మీద కాగితం పరిచి, పొలాల బొమ్మ గీసి గళ్ళు కొట్టారు. మధ్యలో కాలవ.

"దుబ్బుకొక ఎలుకుంటే ఈపాటికి చేలో దుబ్బే ఉండకూడదు. చేను చక్కగా ఉంది. అంటే లెక్క తప్పు. మిషను కూడిక తప్పు చెయ్యదు. అంటే మనం దానికిచ్చింది తప్పు. అందరివీ కలిపి ఇచ్చాం. ఇప్పుడు విడదీసి చూద్దాం."

కాలవకి అటు చర్చి ఉన్న వాడ. అక్కడ కౌలుకి చేసుకునేవాళ్ళు, కూలికెళ్ళేవాళ్ళు ఎక్కువ. ఇటు పెద్దరైతు వాళ్ళ ఇళ్ళు, గుడి. రెండు పక్కలా బోన్లు ఉన్నాయి. ఏ చేలో బోను ఆ ఇంటివాళ్ళే తెల్లవారి చూసి, పడ్డ ఎలుకతో సహా గట్టు మీదికి తెస్తే నేను జీపులో మేడం దగ్గరికి చేర్చేవాణ్ణి.

బాపట్లలో మేడం కాలవకి అటువైపు లెక్క ఒక్కటే ఇచ్చారు. మిషను చిన్న అంకె, నమ్మగలిగేది, చెప్పింది. ఇటువైపుది ఇచ్చారు. మిషను ఏదో ఇంగ్లీషు ముక్క చూపించి ఆగిపోయింది.

"ఏమంటోందండి?"

"సున్నాతో భాగించలేనంటోంది. ఇటువైపు రంగు ఎలుక ఒక్కటి కూడా తిరిగి పడలేదు."

నాకు ఆ మిషను మీద మొదటిసారి ప్రేమ కలిగింది. నేను బడి మానేసింది కూడా సరిగ్గా అక్కడే.

తిరుగు దారిలో మేడం ఆ గళ్ళ కాగితాన్ని ఒళ్ళో పరుచుకున్నారు. తర్వాత తనలో తనే అన్నట్టు అన్నారు. "ఎలుకలకి కాలవ అడ్డం కాదు, ఈదుతాయి. రెండువైపులా అదే చేను, అదే బోను, అదే రంగు. మారింది ఒక్కటే. పొద్దున్నే బోను తలుపు తీసే చెయ్యి. అన్నయ్య గారూ, మనం ఎలుకల్ని చాలా చదివాం. మనుషుల్ని అసలు చదవలేదు."

మర్నాడు పొద్దున్నే ఇటువైపు ఇళ్ళన్నీ తిరిగాం. "రంగు ఎలుక పడిందా అండి?" అని మేడం అడిగితే, ప్రతి ఇంటా ఒకటే జవాబు. "లేదండి. మాకేం తెలీదండి." పడిందా అంటే లేదనొచ్చు. ఏం తెలీదని ఎందుకనాలి? నా పెట్రోలు బంకు చూపు నిద్రలేచింది.

పెద్దరైతు ఇంటి దొడ్లో వాళ్ళమ్మ కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. నేను వెళ్ళి పక్కన గొంతుక్కూర్చున్నాను.

"ఏం మామ్మా, బోన్లో పడ్డ ఎలుకలన్నీ నువ్వే వేపుకు తినేస్తున్నావంట?"

"నీ నోరు పడ! ఎవడ్రా అన్నది?"

"అందరూ అంటున్నారు. రంగువి మరీ రుచంట."

"ఛీ ఛీ! పసుపు పూసినదాన్ని ముట్టుకుంటానట్రా? తలుపు తీసి దణ్ణం పెట్టి వదిలేశాను గానీ!"

మేడం నా వెనకే నిలబడి ఉన్నారు. మామ్మ చూసి నాలిక్కరుచుకుంది. తర్వాత, ఎలాగూ దొరికిపోయానన్నట్టు, గొంతు పెంచింది. "మరేం చెయ్యమంటావమ్మా? వినాయకుడి వాహనం. దానికి పసుపు పూసి వదిలారు. ఎవరి మొక్కో ఏంటో. మావాడే కదా గట్టు మీద అరిచి చెప్పాడు, దేవుడికి వదిలారు, అడ్డొస్తే పాపమని. నేనొక్కదాన్నేనా? ఈ వీధిలో ఆడాళ్ళందరం వదిలాం. ఫైను వేస్తారని చెప్పలేదు."

"చర్చి వైపువాళ్ళు తెచ్చి ఇచ్చారు కదా మామ్మా?" అన్నాన్నేను.

"వాళ్ళకి వినాయకుడితో ఏం పని? రంగు పడ్డ ఎలుకంటే రంగు పడ్డ ఎలుకే వాళ్ళకి."

మేడం మెట్టు మీద కూర్చుండిపోయారు. "నాకూ అంతే మామ్మా. పుస్తకంలో ఈ రంగు పూయమని ఉంది, పూశాను. అది పసుపులా ఉంటుందని నాకు తట్టనే లేదు."

"ఇంకో సంగతి," మామ్మ గొంతు తగ్గించింది. "ఒకటి రోజూ వస్తోంది. బోన్లో బెల్లం ముక్క ఉంటుంది కదా. తిని, నేను తలుపు తీసేదాకా కూర్చుంటుంది. బాగా ఒళ్ళు చేసింది."

కోడి రాదనుకుని లెక్క మొదలెట్టారు మేడం. కోడి చింతపండు ఈనెలు తీస్తూ మా ముందే కూర్చుంది.

ఆదివారానికి ముందు కొత్తగా రంగు పూసి మళ్ళీ లెక్క తేల్చాలి. ఏ రంగు? దొడ్లోనే పంచాయితీ మొదలైంది. ఎరుపు అంటే కుంకుమ. తెలుపు అంటే విభూతి. ఆకుపచ్చ దర్గా జెండా. నలుపు పూద్దామంటే మామ్మే వద్దంది, దిష్టిచుక్క పెట్టినట్టవుతుంది, ఎలుకలకి ఇంకా ఆయుష్షు పెరుగుతుందని. దేవుడు ముట్టుకోని రంగు ఒక్కటీ దొరకలేదు. చివరికి మామ్మే దండెం మీద ఆరేసిన కొడుకు పంచె చూసి అంది. "గుడ్డల నీలం పెట్టండి. అది పంచెలది. దేవుడిది కాదు."

మేడం నీలిమందులో జిగురు కలిపి ముద్ద చేశారు. ఆ వారం పెద్దరైతు చేలో నీలం ఎలుకలు తిరిగాయి. చూసినవాళ్ళు ఊరికే నవ్వారు. చూసి నవ్వినదాన్ని ఎవరూ దణ్ణం పెట్టి వదలరు.

ఆదివారం పెద్దరైతు అరుగు మీద ఊరు చేరింది. కొట్టాయన కూడా వచ్చాడు, ఎవరూ పిలవకుండా. బుట్టలాయన మెట్టు దిగువన నిలబడ్డాడు. మేడం కాగితం తీశారు.

"చేలో మిగిలిన ఎలుకలు తక్కువేనండి. కాలవకి రెండువైపులా దాదాపు ఒకటే లెక్క."

"మొన్న దుబ్బుకొకటి అంది," అన్నాడు పెద్దరైతు. "ఇవాళ తక్కువంటోంది. వారం తిరక్కుండా రెండు నాలికలు. ఏది అబద్ధం?"

"మొన్నటిదండి."

"ఎందుకని?"

మేడం చేతిలో కాగితం వైపు చూశారు. చెబితే, మీ అమ్మగారు అని చెప్పాలి. అరుగు నిండా జనం ఉన్నారు. చెప్పకపోతే ఆ పాక ఉండదు. నేను నోరు తెరవబోయాను. జోకు వేసి గట్టెక్కిద్దామని, కానీ ఏ జోకు వేసినా అందులో ఆవిడే ఉంది.

"ఏదో పొరపాటు జరిగిందండి మా వైపు నుంచి," అన్నారు మేడం.

"పొరపాటంట!" కొట్టాయన అందుకున్నాడు. "ఎవరో సర్ది చెప్పి ఉంటారు."

పెద్దరైతు బుట్టలాయన వైపు చూశాడు. ఆ చూపుకి అర్థం అందరికీ తెలిసింది. బుట్టలాయన తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

అప్పుడు లోపల్నుంచి గొంతు వినపడింది. "నేను వదిలాన్రా."

మామ్మ గడప మీద నిలబడింది. "పసుపు ఎలుకల్ని నేనే వదిలాను. నువ్వే అచ్చోసినవన్నావు. పాపమన్నావు. వదలక ఏం చెయ్యను?"

"జోకు వేశానమ్మా!"

"పాపమని జోకు వేస్తార్రా ఎవరన్నా?"

అరుగు మీద తలలన్నీ పెద్దరైతు వైపు తిరిగాయి. తర్వాత ఒక ముసలి రైతు, "మా ఇంటిది కూడా వదిలింది లెండి," అన్నాడు. ఇంకొకాయన దగ్గాడు. మూడో ఆయన నవ్వాపుకోలేకపోయాడు. పెద్దరైతు మొహం చూస్తే మాత్రం, జోకులు వేసేవాడిగా నాకు జాలేసింది. మన మాటని జనం నమ్మేస్తే ఎంత కష్టమో నాకు తెలుసు.

ఆయన తేరుకుని మేడంని అడిగాడు. "అయితే బుట్టలు పనిచేసినట్టేనా?"

"అది నేను చెప్పలేనండి. ముందు ఎన్నున్నాయో నాకు తెలీదు. ఇప్పుడు తక్కువ ఉన్నాయని మాత్రం చెప్పగలను."

ఆ ఒక్క మాటతో నాకు మేడం మీద అనుమానం పోయింది. అబద్ధం చెప్పేవాళ్ళయితే ఔననే వాళ్ళు, అందరూ అదే కోరుకుంటున్నారు కదా.

"ఈ ఏటికి ఉండనివ్వండి," అన్నాడు పెద్దరైతు, కండువా దులుపుకుంటూ. "వచ్చే ఏడు ముందూ వెనకా రెండుసార్లూ లెక్క తీద్దాం. చంపిన ఎలుకల తోకలు మాత్రం రోజూ నాకు చూపించాలి."

బుట్టలాయన తలపాగా చుట్టుకున్నాడు. సంతోషించాడేమో అని చూశాను. గట్టు దాకా నాతో నడిచి, అటూ ఇటూ చూసి అన్నాడు. "ఈసారి నా వైపు చెప్పింది అల్లుడూ. మళ్ళీసారి ఎటు చెప్తుందో. దాని చూపు నాకు నచ్చలేదు."

"నువ్వు దాన్ని చూడనే లేదు కదా మావా."

"అదే. అదీ నన్ను చూడలేదుగా."

మర్నాడు బాపట్లలో మేడం ప్రోగ్రాంలో ఏవో వరసలు కొత్తగా చేర్చారు. ఇంగ్లీషు నాకు రాదు, చదివి చెప్పమన్నాను. పుట్టే ఎలుకలకి ఒక వరస, చచ్చేవాటికి ఒక వరస, పక్క చేలోకి వలసపోయేవాటికి ఒకటి అన్నారు. నాలుగోది ఏంటంటే, కాస్త సిగ్గుపడి, "మామ్మ వదిలేవి," అన్నారు.

కోతలకి ముందు ఒక సాయంత్రం ఆ ఊరి మీదుగా వెళ్తుంటే బుట్టలాయన పెద్దరైతు గడ్డివామి పక్కన బుట్ట పెడుతూ కనపడ్డాడు. జీపు ఆపాను. దొడ్డి గోడ మీదనుంచి మామ్మ తల పైకి లేచింది.

"ఒరేయ్, అక్కడ వద్దురా. మన పసుపుది ఆ దారినే వస్తుంది."

ఆ ఎలుక వల్లే కదా ఈయన పాక ఊడేదాకా వచ్చింది! ఏమంటాడా అని చూశాను. బుట్టలాయన వంచిన బద్దని మెల్లగా సడలించి, బుట్ట తీసి, వామికి అటుపక్క పెట్టుకున్నాడు. నన్ను చూసి గొణిగాడు.

"అదొక్కటీ లెక్కలో రాశారంటగా, ఇంక నాకెందుకు?"